రాజీనామా చేసిన మంత్రి : శ్రీ వరాహగిరి వేంకట గిరి

భారత రాష్ట్రపతుల పేర్లు వరుసగా ఒప్పజెప్పేటప్పుడు బరంపురం పిల్లల గొంతు నాలుగవ పేరు వద్ద కాస్త పెరుగుతుంది. పెరగవలసినదే. శ్రీ వి.వి. గిరి గారు 1894 ఆగస్టు 10వ తేదీన ఈ ఊరిలోనే జన్మించారు. ఆనాటికి గంజాం మద్రాసు రాజధానిలోని జిల్లా. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరినది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరుమోసిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మ గారు స్వాతంత్ర్యోద్యమమున పాల్గొన్న ధీరురాలు.

ఖల్లికోట కళాశాలలో చదివిన గిరి గారు 1913లో న్యాయశాస్త్రాభ్యాసమునకై ఐర్లండు వెళ్ళారు. అక్కడి స్వాతంత్ర్య సమరయోధులతో సాన్నిహిత్యము కారణముగా 1916లో ఆ దేశము విడువవలసి వచ్చినది. తిరిగివచ్చి న్యాయవాద వృత్తి చేపట్టినా, సహాయనిరాకరణోద్యమ కాలమున దానిని వదలుకొన్నారు. అటుపిమ్మట ఆయన జీవితము కార్మికులది, ముఖ్యముగా రైల్వే కార్మికులది. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఆయన ఒకరు. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశమునకు కార్మిక ప్రతినిధిగా వెళ్ళారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా వారిని ఆయన సొంత గడ్డపైనే ఓడించి, రాజాజీ మంత్రివర్గములో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు.

ఇవన్నీ పాఠ్యపుస్తకములలో దొరుకుతాయి. నేను పాఠకులను కొంచెముసేపు నిలువుమని కోరేది 1954వ సంవత్సరము వద్ద.

అప్పటికి గిరి గారు పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ గారి మంత్రివర్గములో కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నారు. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యముల తగవు ఏళ్ళ తరబడి నలుగుతున్నది. 1953లో శాస్త్రి ట్రిబ్యునలు తీర్పు, దానిపై 1954లో కార్మిక అప్పీలు ట్రిబ్యునలు తీర్పు వెలువడినవి. బ్యాంకులు ఆ భారము మోయలేవని చెప్పి, ప్రభుత్వము ఆ రెండవ తీర్పును ఉద్యోగులకు నష్టము కలిగేలా సవరించినది.

విచిత్రమేమంటే, గిరి గారికి ట్రిబ్యునళ్ళపై మోజు లేదు. యజమానులు, కార్మికులు ఎదురెదురుగా కూర్చుండి తామే తేల్చుకొనవలెనన్నది ఆయన సిద్ధాంతము; దానికి గిరి విధానమనే పేరు కూడా వచ్చినది. అయినను, ప్రభుత్వమే నియమించిన న్యాయపీఠము తీర్పు చెప్పిన పిదప ప్రభుత్వమే దానిని తగ్గించుటను ఆయన అంగీకరింపలేకపోయారు. నిర్ణయము మంత్రివర్గానిది కనుక తన తప్పేమున్నదని ఊరకుండవచ్చును. ఆర్థిక శాఖపై నెపము వేయవచ్చును. మన పాఠశాలలో కిటికీ అద్దము పగిలిననాడు కూడ ఇట్టి సమాధానములే వినబడును గదా! కార్మిక మంత్రిగా ఆ నిర్ణయమునకు కార్మికుల ముందు జవాబు చెప్పవలసినది తానేనని ఎంచి, ఆగస్టు నెలలో ఆయన పదవికి రాజీనామా ఇచ్చారు. తరువాత ప్రభుత్వము ఆ విషయమును పరిశీలించుటకు సంఘమును నియమించినది. గజేంద్రగడ్కర్ గారి నివేదికను 1955లో అంగీకరించినది.

పదవి వదలిన వారికి ప్రజలు పట్టము కడతారని అనుకొనరాదు. 1957లో పార్వతీపురం నుండి పోటీచేసి గిరి గారు ఓడిపోయారు. ఆపై ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రముల గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో జాకీర్ హుస్సేన్ గారి మరణానంతరము పదవులు వదలి స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపుతో నీలం సంజీవరెడ్డి గారిపై గెలిచారు. ఆ ఎన్నికపై వ్యాజ్యము పడినప్పుడు, 1970లో రాష్ట్రపతిగా ఉండియే సుప్రీంకోర్టుకు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చారు. రాష్ట్రపతి భవనము గోడల వెనుక ఉండిపోలేదు. న్యాయస్థానము ఆ వ్యాజ్యములను కొట్టివేసినది.

అయితే ఆయన జీవితములో నా మనసు సమాధానపడని ఘట్టమొకటి ఉన్నది. 1974 మే 8 నుండి 27 వరకు దేశమంతట రైల్వే సమ్మె జరిగినది. సమ్మెలో ముందున్నది గిరి గారు యౌవనములో కలిసి నిర్మించిన సమాఖ్యయే. వేలాది కార్మికులు చెరసాలల పాలయ్యారు, సమ్మె అణగిపోయినది. ఆ నిర్ణయములు మంత్రివర్గానివి, రాష్ట్రపతి మంత్రుల సలహాకు కట్టుబడినవారు. ఈ వాదము రాజ్యాంగరీత్యా సరియైనదే. కాని 1954లోనూ నిర్ణయము మంత్రివర్గానిదే! రాష్ట్రపతి రాజీనామా మంత్రి రాజీనామా వంటిది కాదనియు, దేశమును సంక్షోభమున పడవేయగలదనియు పెద్దలు అంటారు. అందులో నిజమున్నది. అయినను ఖరగపూరు కార్మికుల కొరకు నిలిచిన మనిషికి ఆ ఇరువది దినములు ఎట్లు గడచినవో అని నేను ఆలోచిస్తూనే ఉంటాను. మా పదవ తరగతి పిల్లలు ఈ ప్రశ్నపై రెండు పక్షములుగా చీలి వాదించుకొంటారు. నేను తీర్పు చెప్పను.

అదే సంవత్సరము ఆగస్టులో ఆయన పదవీకాలము ముగిసినది. 1975లో భారతరత్న పురస్కారము లభించినది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. సమ్మె జరిగిన 1974లోనే స్థాపితమైన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.