పరీక్షకులకే పరీక్ష పెట్టిన పంతులుగారు

ఈ ప్రత్యేక సంచికకు చదువు కోసం పాటుపడిన ఒక పెద్దమనిషిని గురించి రాయమని మన సంఘంవారు కోరగానే నాకు తోచిన పేరు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిది. ముప్పయ్యేళ్లు తెలుగు పేపర్లు దిద్దిన వాణ్ణి నేను. పిల్లవాడి జవాబులో ఏది తప్పు, ఏది ఒప్పు అన్న ప్రశ్న మీద ఆయన చేసిన పోరాటం నా వృత్తికి దగ్గరిది. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని అందరూ అంటారు గాని, ఆ ఉద్యమం స్కూలు ఫైనల్ పరీక్ష పేపరు దగ్గర ముదిరిందన్న సంగతి అంతగా చెప్పుకోరు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ల పిల్లలకు బడులు పెట్టారు. ఆ కొండల్లో పట్టిన జ్వరానికి వాడిన క్వినైను వల్ల వచ్చిన చెవుడు జన్మంతా పోలేదు. 1911లో రిటైరయ్యారు. అసలు పని ఆ తర్వాతే ఎక్కువ చేశారు. మన సభ్యులు ఈ మాట గమనించాలి.

ఆ రోజుల్లో పిల్లవాడు వ్యాసంలో "వచ్చాడు" అని రాస్తే తప్పు, "వచ్చెను" అని రాయాలి. విషయం ఎంత బాగా తెలిసినా అరసున్నలు, సంధులు తప్పితే మార్కులు పోవలసిందే. 1907లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొరకు ఈ తెలుగు బోధన నచ్చలేదు. గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆయనకు తోడయ్యారు. ఫలితంగా 1912-13లో స్కూలు ఫైనల్ వ్యాసాన్ని గ్రాంథికంలోగాని, వాడుక భాషలోగాని రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. మొదటిదానికి చిన్నయసూరి నీతిచంద్రిక, రెండోదానికి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మాదిరులు.

పండితులు భగ్గుమన్నారు. వారికి నాయకుడు మన కోనసీమ ముక్తేశ్వరం వారైన జయంతి రామయ్య పంతులుగారే. పిల్లలకు కావ్యాలు దూరమవుతాయన్న ఆయన భయం కొట్టివేయదగ్గది కాదని నా అభిప్రాయం. మొత్తానికి 1914లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడే గురజాడవారు పోయారు.

గిడుగువారు వెనక్కి తగ్గలేదు. ఆయన ఎత్తుకున్న పద్ధతి దిద్దేవాళ్లనే దిద్దడం. గ్రాంథికవాదులు రాసిన పుస్తకాలు తీసి, వారు నమ్మిన వ్యాకరణంతోనే పోల్చి, తప్పులు వరసగా ఎత్తి చూపారు. పండితులకే పట్టుబడని భాషలో పద్నాలుగేళ్ల కుర్రవాణ్ణి ఎలా పరీక్షిస్తారన్నది ఆయన ప్రశ్న. కొవ్వూరు సభలోనూ, 1925లో తణుకు సభలోనూ ఇదే వాదన గంటల తరబడి వినిపించారు. ఎదుటివారి కేకలు వినపడకపోవడం అక్కడ ఆయనకు కొంత మేలే చేసిందేమో!

1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గ్రాంథికంలో అంత రాసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులయ్యారు. ఆ మే నెలలోనే ఆయన మరణించారు. గిడుగువారు "తెలుగు" అనే మాసపత్రిక కూడా ఆ సంవత్సరమే నడిపారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, డెబ్బై మూడో ఏట ఇల్లు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, వాడుక భాషలో కాలేజీ పాఠ్యపుస్తకాలు వేసే నాటికి ఆయన పోయి ఇరవై ఎనిమిదేళ్లు దాటింది.