ప్రాణాయామం చేస్తే ఆక్సిజన్ ఎక్కువ అందుతుందా? ల్యాబ్‌లో తేల్చేసిన స్వామి కువలయానంద కథ ఇదీ..

పొద్దున్నే కాసేపు ప్రాణాయామం చేస్తే రోజంతా హుషారుగా ఉంటుంది, బుర్ర చురుగ్గా పనిచేస్తుంది.. ఈ మాట ఇప్పుడు ప్రతి ఇంట్లో వినిపిస్తోంది. ఎందుకని అడిగితే, ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది కదా అంటారు చాలామంది. ఆ లెక్క తప్పని దాదాపు తొంభై ఏళ్ల కిందటే చెప్పింది యోగా అంటే గిట్టనివాళ్లు కాదు. జీవితమంతా యోగాకే ఇచ్చేసిన స్వామి కువలయానంద.

ఆయన అసలు పేరు జగన్నాథ్ గణేశ్ గుణే. 1883 ఆగస్టు 30న గుజరాత్‌లోని దభోయ్‌లో పుట్టారు. బరోడాలో మాణిక్‌రావు దగ్గర వ్యాయామ విద్య నేర్చుకున్నారు. ఖాందేశ్‌లోని అమల్నేర్‌లో పంతులుగా పనిచేశారు. 1919లో నర్మదా తీరాన మాల్సర్‌లో పరమహంస మాధవదాస్ దగ్గర చేరడంతో దారి మారింది. గురువు చెప్పినట్టు చేస్తే ఒంట్లో మార్పు తెలుస్తోంది. మరి అది ఎలా వస్తోంది? గ్రంథాల్లో ఉంది కదా అని ఊరుకునే రకం కాదాయన.

1924లో లోణావాలాలో కైవల్యధామ పెట్టారు. యోగ మీమాంస పత్రిక కూడా అదే ఏడాది మొదలైంది. యోగ క్రియలకు ఎక్స్‌రే తీయడం ఆ రోజుల్లో వింతే మరి! నౌళి చేసేటప్పుడు పెద్దపేగులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గిపోతోందని కొలిచి చూపించారు. దానికి గురువు పేరే పెట్టుకున్నారు.. మాధవదాస్ వాక్యూమ్ అని.

1930ల్లో శ్వాస వంతు వచ్చింది. సాధకులు వదిలిన గాలిని పరీక్షించి, ఒంటికి పట్టిన ఆక్సిజన్ ఎంత, బయటికి పోయిన కార్బన్ డయాక్సైడ్ ఎంత అని లెక్కగట్టారు. ప్రాణాయామంలో ఆక్సిజన్ పెద్దగా పెరగడం లేదని తేలింది. నిజానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే దాదాపు నిండుగా ఉంటుంది. ఇంకా నింపడానికి చోటేదీ? యోగాను ఊరూరా చేర్చాలనుకునే మనిషికి ఇది ఇబ్బంది పెట్టే ఫలితమే. అయినా దాచలేదు. సొంత పత్రికలోనే అచ్చేశారు.

అలాగని ప్రాణాయామం దండగ అనలేదు. అసలు మేలు ఒంట్లోని ఒత్తిడి మార్పుల వల్ల, నరాల మీద, మనసు మీద పడే ప్రభావం వల్ల వస్తుందన్నది ఆయన వాదన. దాన్ని మాత్రం ఆక్సిజన్‌లా కొలిచి చూపించడం అంత తేలిక కాలేదు. శక్తికి మించి ఊపిరి బిగబట్టొద్దని కూడా హెచ్చరించేవారు.

1927లో ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు గాంధీజీ కూడా ఆయన సలహా తీసుకున్నారు. 1966 ఏప్రిల్ 18న కువలయానంద కన్నుమూశారు. లోణావాలాలో ఆయన పెట్టిన కైవల్యధామ ఇప్పటికీ నడుస్తోంది.