పాముల డాక్టరు పాట్రిక్ రస్సెల్

రక్తపింజరి అంటే మనందరికీ భయం. ఒంటిమీద గొలుసులాగ మచ్చలు ఉంటాయి, గట్టిగా బుస కొడుతుంది. ఇంగ్లీషులో దాన్ని రస్సెల్స్ వైపర్ అంటారు. ఆ రస్సెల్ ఎవరో తెలుసుకుని మీకోసం రాస్తున్నాను.

పాట్రిక్ రస్సెల్ గారు స్కాట్లాండులోని ఎడింబరోలో పుట్టారు. డాక్టరు చదువు చదివి, సిరియా దేశంలో అలెప్పో అనే ఊళ్ళో వైద్యం చేశారు. అక్కడ ప్లేగు వచ్చినా పారిపోకుండా రోగులను చూశారు. 1780 తర్వాత తమ్ముడు క్లాడ్‌కి తోడుగా మన విశాఖపట్నం వచ్చారు. 1785లో కుంపెనీవారు ఆయనకు మొక్కలను పరిశోధించే ఉద్యోగం ఇచ్చారు.

ఆ రోజుల్లో పాము విషానికి విరుగుడు లేదు. తంజావూరు మాత్ర అని ఒకటి పేరుపొందింది, అందులో పాషాణం ఉండేది! రస్సెల్ గారు ముందు ఏది విషప్పామో గుర్తుపట్టాలి అనుకున్నారు. పాములను తెప్పించి కోరలు పరీక్ష చేశారు. కుక్కలకీ కోళ్ళకీ కరిపించి ఏం జరుగుతుందో రాసుకున్నారు. పాపం, ఆ జీవాలు ఎన్నో చచ్చిపోయాయి.

మనవాళ్ళు పిలిచే తెలుగు పేర్లే ఆయన రాసుకున్నారు. 1796లో లండన్‌లో పాముల బొమ్మలతో పెద్ద పుస్తకం అచ్చు వేశారు. అందులో రక్తపింజరి పేరు కాటుక రేకుల పొడ. బంగారు పాము అన్న మాట నుంచే కట్లపాముల జాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. మన మాటను ప్రపంచమంతా వాడుతోందని తెలిసి నాకు చాలా గర్వంగా అనిపించింది.

చాలా పాములకు విషం లేదు. అలాంటిది కరిస్తే పసరు తాగినా తాగకపోయినా మనిషి బతుకుతాడు. కానీ అందరూ పసరే బతికించింది అంటారు. అదే రక్తపింజరి కరిస్తే, పసరు కోసం తిరిగిన ఆ గంటే ప్రాణం తీస్తుంది.

రస్సెల్ గారు 1805లో చనిపోయారు. విరుగుడు మందును ఆయన చూడలేదు. 1890 తర్వాత ఫ్రాన్సు దేశపు కాల్మెట్ గారు దాన్ని తయారుచేశారు. గుర్రానికి విషం కొంచెం కొంచెంగా ఎక్కించి, దాని రక్తం నుంచి ఈ మందు తీస్తారు. మన దేశంలో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది.

ఆసుపత్రిలో రోగి రక్తం కొంచెం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డ కట్టకపోతే పింజరి విషం ఎక్కిందని తెలుస్తుంది. వెంటనే సెలైన్‌లో మందు ఎక్కిస్తారు.

కాబట్టి నేస్తాలూ, పాము కరిస్తే తాడు బిగించవద్దు, కొయ్యవద్దు, నోటితో పీల్చవద్దు. నడిపించవద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మోసుకొని అయినా తుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. పామును పట్టి తేనక్కర్లేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి మీ అమ్మానాన్నలకీ, తాతలకీ తప్పకుండా చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని