ఊపిరిని కనిపెట్టమన్న సర్జన్

నకిరేకల్ నుంచి మీ ఇంట్లోవారిని ఆపరేషన్ కోసం హైదరాబాద్ తీసుకెళ్లారనుకోండి. థియేటర్‌లోకి పంపేముందు మత్తు డాక్టర్ వచ్చి చూస్తారు. ఆ మత్తు వైద్యం చరిత్రలో హైదరాబాద్‌కూ చోటుంది. అందుకు కారణం ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్.

1846లో పుట్టి ఎడిన్‌బరాలో చదివిన లారీ, 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చారు. నల్లగొండ ప్రాంతం నిజాం పాలనలో ఉన్న రోజులవి. ఇక్కడి మెడికల్ స్కూల్‌ ప్రిన్సిపాల్‌గా ఆయన అమ్మాయిలకూ సీట్లిచ్చారు. అలా చదివిన రూపాబాయి ఫర్దూన్జీ, ప్రపంచంలోని తొలితరం మహిళా మత్తు డాక్టర్లలో ఒకరయ్యారు.

అప్పట్లో మత్తుకు క్లోరోఫామ్ ఇచ్చేవారు. కొందరు ఆపరేషన్ బల్లమీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండా, ఊపిరా? ఇది తేల్చడానికే లారీ చొరవతో 1888లో క్లోరోఫామ్ కమిషన్ ఏర్పడింది. ఊపిరే ముందు ఆగుతుందని అది చెప్పింది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి, 1889లో అక్కడి నిపుణుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. రెండో కమిషన్ కూడా అదే మాట చెప్పింది.

కానీ అది సగం నిజమే. క్లోరోఫామ్ గుండెనూ హఠాత్తుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధన చూపించింది. లారీ 1915లో కన్నుమూశారు.

నేడు ఆపరేషన్ జరిగినంతసేపూ ఊపిరినీ, గుండెనూ రెండింటినీ కనిపెడతారు. మీ వంతుగా గుండెజబ్బు, ఆస్తమా, వాడే మందుల సంగతి మత్తు డాక్టర్‌ దగ్గర దాచకండి.