ఎస్. మీనాక్షిసుందరం

సుబ్బరామయ్య మీనాక్షిసుందరం (అక్టోబరు 12, 1913 - ఆగష్టు 13, 1968) ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రముఖ గణిత శాస్త్రవేత్త. ఉష్ణ సమీకరణంపై ఈయన చేసిన పరిశోధన మీనాక్షిసుందరం-ప్లైయెల్ విస్తరణగా ప్రసిద్ధి చెందింది.

బాల్యం, విద్యాభ్యాసం

ఈయన త్రిచూరులో జన్మించాడు. మద్రాసు లయోలా కళాశాలలో గణితం చదివాడు. తరువాత మద్రాసులో కె. ఆనందరావు వద్ద అనంత శ్రేణుల సంకలనీయతపై పరిశోధన మొదలుపెట్టాడు. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన రజీయుద్దీన్ సిద్ధిఖీ ఉపన్యాసాలు ఈయన దృష్టిని పాక్షిక అవకలన సమీకరణాల వైపు మళ్ళించాయి. ఫ్రెంచి జెసూట్ గణితవేత్త ఫాదర్ రాసీన్ ఈయనకు అండగా నిలిచాడు.

ఉద్యోగ జీవితం

స్థిరమైన ఉద్యోగం లేక కొంతకాలం విద్యార్థులకు పాఠాలు చెప్పి జీవనం సాగించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాడు. యుద్ధభయం వలన ఆ కాలంలో విశ్వవిద్యాలయం కొన్నేళ్ళు వాల్తేరు విడిచి గుంటూరు నుండి పనిచేసింది. 1946-48 మధ్య ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో గడిపాడు. తిరిగివచ్చి వాల్తేరులో ఆచార్యుడయ్యాడు. 1952లో కె. చంద్రశేఖరన్‌తో కలసి టిపికల్ మీన్స్ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. 1958లో ఎడింబరోలో జరిగిన అంతర్జాతీయ గణితవేత్తల మహాసభలో ఆహ్వానిత ప్రసంగం చేశాడు.

పరిశోధనలు

ఒక వస్తువులో వేడి ఎలా వ్యాపిస్తుందో ఉష్ణ సమీకరణం తెలుపుతుంది. నీటిలో సిరాచుక్క వ్యాపించడానికీ అదే సమీకరణం వర్తిస్తుంది. 1949లో మీనాక్షిసుందరం, స్వీడన్ గణితవేత్త ఓకె ప్లైయెల్ కలసి, రీమన్ బహురూపాలపై లాప్లాస్ సంకారకపు ఐగెన్ ప్రమేయాలను గురించి ఒక పత్రం ప్రచురించారు. ఈ పరిశోధన నుండి వచ్చిన విస్తరణ ప్రకారం, అతి స్వల్ప కాలంలో ఉష్ణవ్యాప్తిని ఒక శ్రేణిగా వ్రాయవచ్చును. అందులో మొదటి గుణకం ఆ ప్రదేశపు ఘనపరిమాణాన్నీ, తరువాతివి దాని వక్రతనూ తెలుపుతాయి. అంటే వ్యాపనాన్ని గమనించి ఆకారం గురించి కొంత తెలుసుకోవచ్చును. సరిహద్దులున్న ప్రదేశాలకు ఇటువంటి ఫలితాలను ప్లైయెల్, మార్క్ కాట్జ్, మెక్‌కీన్, సింగర్ తదితరులు సాధించారు. అక్కడ ఉపరితల వైశాల్యం కూడా శ్రేణిలో కనిపిస్తుంది.

వైద్య చిత్రణలో వ్యాపన సమీకరణం

మీనాక్షిసుందరం వైద్యరంగంలో పనిచేయలేదు. అయితే డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ. సంకేతాల గణిత నమూనాలకు ఇదే సమీకరణం ఆధారం. 1956లో టోరీ అయస్కాంత అనునాదపు బ్లాక్ సమీకరణాలకు వ్యాపన పదాన్ని చేర్చాడు. 1965లో స్టెజ్‌స్కల్, టానర్ ఆ వ్యాపనాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. శరీర ఉష్ణోగ్రత వద్ద స్వేచ్ఛగా ఉన్న నీటి అణువు 50 మిల్లీసెకండ్లలో ఒక దిశలో సగటున సుమారు 17 మైక్రాన్లు కదులుతుంది. కణజాలంలో పొరలు అడ్డుపడటం వలన ఈ కదలిక తగ్గుతుంది. స్వల్ప కాలంలో ఆ తగ్గుదల కణాల ఉపరితల వైశాల్యానికీ, ఘనపరిమాణానికీ గల నిష్పత్తిపై ఆధారపడుతుందని 1992లో మిత్రా, సేన్ తదితరులు సచ్ఛిద్ర పదార్థాల విషయంలో చూపారు. మెదడులో రక్తప్రసరణ ఆగినపుడు నీటి వ్యాపనం త్వరగా తగ్గిపోతుంది. అందువలన పక్షవాతాన్ని తొలిగంటలలోనే గుర్తించడానికి ఈ చిత్రణ ఉపకరిస్తుంది.

మరణానంతర ప్రభావం

ఈయన 54వ ఏట మరణించాడు. 1973లో అతియా, బాట్, వి.కె. పటోడీ ఉష్ణ సమీకరణ పద్ధతిని ఇండెక్స్ సిద్ధాంత నిరూపణలో వినియోగించారు. క్వాంటం క్షేత్ర సిద్ధాంతంలోనూ ఈ గుణకాలు తరచుగా కనిపిస్తాయి.