విలియం రాక్స్‌బర్గ్: తెలుగు మొక్కకు తెలుగు పేరు నిలిపిన వైద్యుడు

నీరు కరవైన నేలలో బ్రతుకు నిలుపుకొనుటకు మొక్కలు అవలంబించే ఉపాయాలు విచిత్రమైనవి. దక్షిణాఫ్రికా ఎడారులలో ఫెనెస్ట్రేరియా అనే మొక్క కండగల తన ఆకులను ఇసుకలో దాచుకొని, కొనలను మాత్రమే పైకి చూపుతుంది. కాంతి ప్రసరించే ఆ కొనలు కిటికీల వంటివి. వాటి గుండా వెలుగు భూమి లోపలనున్న పచ్చదనాన్ని చేరుతుంది. మన మెట్టనేలల కారల్లం మరొక మార్గం ఎన్నుకొన్నది. ఆకులను దాదాపుగా విడనాడి, నీటిని నిలువ చేసుకొనే పచ్చని కాండంతోనే ఆహారం తయారు చేసుకొంటుంది. కుందేటి కొమ్ములన్నా ఇదే. దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేసిన విలియం రాక్స్‌బర్గ్ జీవితాన్ని విద్యార్థుల ముందుంచదలచాము.

ఆయన 1751లో స్కాట్లండులో జన్మించాడు. ఎడింబరోలో విద్యనభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసులో నియుక్తుడైనాడు. 1781 నుండి సామర్లకోట ఆయన కార్యక్షేత్రమైంది. అక్కడ తోట వేసి మిరియాల సాగు సాగించాడు. వర్షపాతాన్ని లెక్క కట్టాడు. 1787 నాటి ఘోరమైన తుపానులో ఆయన పుస్తకాలు, మొక్కల సేకరణలు నాశనమైనవి. ఆయన నిరాశ చెందక మళ్లీ మొదటినుండి ప్రారంభించాడు. కొద్ది ఏండ్లకే ఉత్తర సర్కారులను కబళించిన కరవును కన్నులారా చూచి, ఆహారమిచ్చే చెట్లను విరివిగా నాటవలెననీ, గోదావరి నీటిని పొలాలకు మళ్లించవలెననీ సూచించాడు. ఆ నదిపై ఆనకట్ట 1852లో గాని పూర్తి కాలేదు.

స్థానిక చిత్రకారులచేత ఆయన వ్రాయించిన మొక్కల బొమ్మలు లండను చేరినవి. విశాఖపట్నంలో నివసించి, ఇచ్చటి చేపలపై గ్రంథం రచించిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ వాటి ప్రచురణకు తోడ్పడ్డాడు. 1795లో వెలువడసాగిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1820 నాటికి మూడు సంపుటాలైంది. అందులో 300 చిత్రపటాలున్నవి. తొలి సంపుటంలోనే మన ఎడారి మొక్కను స్టపీలియా అడ్సెండెన్స్ అని నామకరణం చేసి, తెలుగువారి పిలుపును కూడ రాక్స్‌బర్గ్ చేర్చాడు. తరువాత రాబర్ట్ బ్రౌన్ ఆ పిలుపునుండే కారల్లూమా అనే ప్రజాతి నామాన్ని రూపొందించాడు. జ్వరాలకు మందుగా ఆయన పరీక్షించిన సోమిద చెట్టు కూడ ఇదే రీతిగా సోయ్‌మిడా అయింది.

1793లో ఆయన కలకత్తా ఉద్యానవనానికి అధిపతి అయినాడు. మధ్యలో దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతంలో కొంతకాలముండి అచ్చటి మొక్కలనూ సేకరించాడు. అనారోగ్యంతో 1813లో మన దేశం విడిచి, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. ఆయన ఫ్లోరా ఇండికా మరణానంతరమే అచ్చయింది.

ఆయన సేవించినది కంపెనీని. దాని లాభాపేక్షను మేము మరువలేదు. ఆయనకు మొక్కల పేర్లు చెప్పిన పల్లెవాసుల పేర్లు చరిత్ర కెక్కలేదన్నదీ నిజమే. అయినను పామరుని నోటి మాటను అడిగి తెలిసికొని, దానికి శాస్త్రంలో చోటు కల్పించిన వినయం పండితులకు సైతం ఆదర్శప్రాయం. లాటిను నామాలు కంఠస్థం చేసే మన విద్యార్థులు, ఊరి పెద్దలను మొక్కల పేర్లడిగి వ్రాసుకొన్ననాడే ఆ పని కొనసాగినట్లని మా విశ్వాసం. చెప్పగలవారు నానాటికీ తగ్గుతున్నారు. వారితోపాటు పోయిన పేరును ఏ గ్రంథాలయమూ తిరిగి ఇవ్వజాలదు.