అక్షరశిల్పి విలియం మారిస్

పుస్తకము చదువునపుడు మనము అందలి విషయమునే గమనింతుము కాని, దానిని మన కందించు అచ్చక్షరముల సొంపును గమనింపము. ఆ సొంపునకై తన చివరి యేండ్లను ధారవోసిన మహనీయుడు విలియం మారిస్.

ఆయన 1834వ సంవత్సరము మార్చి 24వ తేదీన ఇంగ్లండు దేశమున, లండను నగర సమీపమునందలి వాల్తమ్‌స్టోలో జన్మించెను. సంపన్నుల యింట పుట్టినను సోమరితన మెరుగడు. ఆక్స్‌ఫర్డులో చదివి కవిగా పేరొందెను. నేతపనిని, అద్దకపు పనిని స్వయముగా నేర్చుకొనెను. ఆ కాలమున యంత్రములు ప్రబలి వస్తువులు చౌకయయ్యెను గాని, వానియందు అందము లోపించెను. పుస్తకముల గతియు నట్లేయుండెను. సన్నని గీతల అక్షరములు వెలవెలబోవుచు కంటికి శ్రమ కలిగించుచుండెను.

1888వ సంవత్సరము నవంబరు నెలలో ఎమరీ వాకర్ అను మిత్రుడు ముద్రణకళను గూర్చి ఉపన్యసించుచు, ప్రాచీన గ్రంథముల పుటలను తెరపై పెద్దవిగా చూపెను. వానిని గాంచిన మారిస్, తానును అట్టి అక్షరములను సృజింపవలెనని నిశ్చయించెను. అప్పటి కాయన వయస్సు 54 ఏండ్లు.

పదునైదవ శతాబ్దమున వెనిస్ నగరమునందు నికొలాస్ జెన్సన్ అచ్చొత్తిన గ్రంథములు ఆయనకు ఆదర్శమయ్యెను. ఆ అక్షరముల ఛాయాచిత్రములను పెద్దవిగా తీయించి, వానిపై పలుమారులు చేయి దిద్దుకొని, పిమ్మట తన సొంత రూపములను గీసెను. ఎడ్వర్డ్ ప్రిన్స్ వానిని ఉక్కుపై చెక్కెను. బలమైన గీతలును, కొనలయందు దిట్టమైన పాదములును గల ఆ అక్షరములకు ‘గోల్డెన్’ అని పేరు. 1891లో ఆయన హామర్‌స్మిత్‌లో కెల్మ్‌స్కాట్ ముద్రణాలయమును స్థాపించి, చేతితో నడుపు యంత్రముపై పుస్తకముల నచ్చువేయించెను. తీగలును పూవులును అల్లుకొన్న అంచులను, తొలి యక్షరములను వందలకొలది తానే చిత్రించెను.

పూర్వకవి ఛాసర్ కృతులను అచ్చొత్తుట ఆయన పెద్ద కోరిక. దీనికై మరియొక అక్షరశ్రేణిని రూపొందించెను. మిత్రుడు బర్న్‌జోన్స్ 87 చిత్రములు గీసెను. పని సాగుచుండగనే మారిస్ ఆరోగ్యము క్షీణించెను. గ్రంథము ముందు ముగియునో, ఆయన యాయువు ముందు తీరునో తెలియరాకుండెను. తుదకు 1896వ సంవత్సరము జూను నెలలో తొలి ప్రతి ఆయన చేతి కందెను. నాలుగు నెలలకు, అక్టోబరు 3వ తేదీన, ఆయన కన్నుమూసెను.

కళ యెల్లరకును అందవలెనని బోధించిన మారిస్ పుస్తకము వెల 20 పౌనులు. కాగితముపై అచ్చయినవి 425 ప్రతులు మాత్రమే. శ్రమజీవుల కది అందని పండే యయ్యెను. అయినను ఆయన అక్షరముల పోలిక దూరదేశములకు పాకెను. ఆయన జీవించియుండగనే అమెరికాలో వాని ననుసరించిన అక్షరములు పోతపోయబడి, ప్రకటనలలోను ముఖపత్రములపైను వెలసెను. పాతకాలపు సొగసును కోరు శీర్షికలలో నేటికిని ఆ ఛాయలు కానవచ్చును. ధనికుల యరలలో నిలిచిన గ్రంథముకంటె, సామాన్యుల కన్నుల యెదుట నిలిచిన అక్షరమే ఆయన యాశయమును కొంతవరకైనను నెరవేర్చెను.